అల్కటి చదువు మన పిల్లలకెందుకు?

ఒక లెక్క చూడండి. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురికినీళ్లను శుద్ధిచేసే ఉమ్మడి ప్లాంటు ఉన్నది. ఆ ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్, ఆయన తోటివాళ్లు పరీక్షించి 2007లో అచ్చువేసిండ్రు. దాదాపు 90 కంపెనీల నీళ్లు అప్పుడు ఆ ప్లాంటుకు వచ్చేవి. రోజుకు సుమారు 15 లక్షల లీటర్లు. శుద్ధి అయినంక కూడా లీటరు నీళ్లల్ల 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు తేలింది. డాక్టరు రాసిచ్చే పెద్ద గోలీలో ఆ మందు 500 మిల్లీగ్రాములుంటది. అట్లయితే రోజుకు ఎన్ని గోలీల మందు వాగుల కలిసినట్టు?

ఎనిమిదో తరగతి పిల్ల చేయగల లెక్కనే. 31ని 15 లక్షలతో గుణిస్తే 4 కోట్ల 65 లక్షల మిల్లీగ్రాములు. అంటే 46న్నర కిలోలు. 500తో భాగిస్తే 93 వేల గోలీలు. ఒక్క రోజుకు! ఆ నీళ్లు ఇసుకవాగుల పడి, నక్కవాగుల కలిసి, మంజీరకు పోయినయి. అంతకు ఎన్నో ఏండ్ల ముందే ఆ వాగు పక్క ఊర్ల పొలాలు, బోర్లు ఖరాబైనయి. పటాన్‌చెరు డాక్టరు అల్లాణి కిషన్‌రావు ఊరూరు తిరిగి జనాన్ని కూడగట్టిండు. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ తర్వాత పైపులైను వేసి ప్లాంటు నీళ్లను అంబర్‌పేటకు మళ్లించిండ్రు, అంటే మూసీ దిక్కు. మన వాగుకు తగ్గించి ఇంకోళ్ల నదికి పంపుడన్నమాట!

ఇంత లెక్క మన ఊరి పక్కనుంచే పారుతుంటే మన పిల్లల పుస్తకంలో ఏమున్నది? రాము బ్యాంకులో 5,000 రూపాయలు వేస్తడు, వడ్డీ ఎంతో చెప్పమంటరు. ఒక తొట్టిని రెండు పైపులు నింపుతయి, ఒక పైపు ఖాళీ చేస్తది, ఎన్ని గంటలకు నిండుతదో చెప్పమంటరు. ఆ తొట్టి ఎవరిదో, అందులో ఉన్నవి ఏం నీళ్లో, ఖాళీ చేసే పైపు ఎటు పోతదో పుస్తకం చెప్పదు. గడ్డపోతారం, ఖాజీపల్లి, బొల్లారం వాళ్లనడిగితే చెప్తరు.

చదువు గురించి మాట్లాడే ప్రతి పెద్దమనిషి నోట ఈ మధ్య రెండు మాటలు వినబడుతున్నయి. చదువు జీవితానికి దగ్గరగా ఉండాలె అనేది ఒకటి. పిల్లల మీద భారం తగ్గించాలె అనేది ఇంకోటి. విడివిడిగా రెండూ మంచి మాటలే. వాడ మొగదల దాటి మన దిక్కు వచ్చేసరికి మాత్రం రెండూ కలిసిపోయి ఒక్కటే మాటైతయి: 'వీళ్లకు ఇంత చాలు.' జీవితానికి దగ్గర అనంగనే మన పిల్లలకు కుట్టుమిషను, మొక్కలు నాటుడు, బొమ్మలు అతికించుడు. భారం తగ్గించుడు అనంగనే బీజగణితం పక్కకు, ప్రయోగశాలకు తాళం. పట్నంలో ఫీజులు కట్టే పిల్లలకు మాత్రం ఆరో తరగతి నుంచే ఐఐటీ పునాది అని పాఠాలు నూరిపోస్తరు. వాళ్ల మీద భారం తగ్గించాలని ఏ పెద్దమనిషీ వాళ్ల బడి ముందర ధర్నా చేయలేదు.

ఇది కొత్త యవ్వారం కాదు. బాబాసాహెబు హైస్కూల్లో సంస్కృతం చదువుతానంటే అంటరానివాడని చెప్పనియ్యలేదు, పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. కష్టమైన చదువు ఆయనకు చేతగాక కాదు. ఆ చదువు మీద కావలి ఉన్నది కాబట్టి. తర్వాత ఆయనే పట్టుబట్టి సంస్కృతం నేర్చుకున్నడు, అది వేరే ముచ్చట.

1953లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి ప్రభుత్వం ఊర్ల ప్రాథమిక బడులకు కొత్త పథకం తెచ్చింది. పిల్లలు పూటకు మూడు గంటలు బడిలో ఉండాలె, మిగతా పొద్దు తల్లిదండ్రుల పని నేర్చుకోవాలె. కుమ్మరి కొడుకు కుండ, చాకలి బిడ్డ బట్ట, మాదిగ పిల్లగాడు తోలు. జీవితానికి ఇంతకన్న దగ్గరి చదువు ఇంకేముంటది! పెరియార్ దానికి కులవిద్య అని అసలు పేరు పెట్టి లొల్లి లేపిండు. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయినంక దాన్ని ఎత్తేసిండ్రు. పథకం పోయింది గాని దాని బుద్ధి పోలేదు. 2020 జాతీయ విద్యా విధానం తీసి చూడండి. ఆరో తరగతి నుంచి ఎనిమిది మధ్యలో పిల్లలు పది రోజులు సంచి లేకుండా బడికి వచ్చి వడ్రంగి దగ్గరనో, తోటమాలి దగ్గరనో, కుమ్మరి దగ్గరనో పని నేర్చుకోవాలని ఉన్నది. చదవడానికి బాగనే ఉంటది. అందరు పిల్లలూ అన్ని పనులూ నేరుస్తరు కదా అంటరు. జూబ్లీహిల్స్ పిల్లగాడు ఆ పది రోజులు కుమ్మరి చక్రం ముందర ఫోటో దిగి పోతడు. అది వాడికి విహారయాత్ర. మన పిల్లకు అదే పని సెలవులల్ల ఇంటికాడ ఉండనే ఉన్నది, కొత్తగ బడి నేర్పేదేంది?

అయితే మన బతుకు బడిలోకి రావద్దని ఈ పత్రిక అంటున్నదా? కాదు. రావాలె. ఎట్ల రావాలె అనేదే కొట్లాట.

లంద తొట్టి సంగతి తీసుకోండి. తోలును సున్నపు నీళ్లల్ల నానబెడితే వెంట్రుకలు ఊడుతయి. తంగేడు చెక్క, కరక్కాయ రసంల నానబెడితే తోలు కుళ్లకుండ గట్టిపడి ఏండ్లకు ఏండ్లు నిలుస్తది. ఎందుకు? సున్నం క్షారం, అది వెంట్రుక కుదుళ్ల మాంసకృత్తును వదులు చేస్తది. తంగేడు చెక్కలో టానిన్ ఉంటది, అది తోలులోని కొలాజెన్ పోగులను పట్టుకొని ఒకదానికొకటి బిగిస్తది, అందుకే క్రిములు దాన్ని తినలేవు. ఇది ఇంటర్ చదివే పిల్లలకు సైతం గట్టి రసాయన శాస్త్రం. మన తాతలు ప్రయోగశాల లేకుండనే దీన్ని కనిపెట్టి, వాసన వస్తదని ఊరి బయటకు గెంటబడ్డరు. కంచ ఐలయ్య ఈ మాటనే పుస్తకాలు రాసి చెప్పిండు. మనం అడుగుతున్నదేందంటే, మా పిల్లగాని చేతికి ఆరె, రంపె ఇచ్చి తోలు కోయమని కాదు. ఆ తోలు వెనుక ఉన్న రసాయనాన్ని పాఠం చేసి, రెడ్డి పిల్లలకూ బాపని పిల్లలకూ మాదిగ పిల్లలకూ కలిపి చెప్పండి. పబ్లిక్ పరీక్షలో పది మార్కుల ప్రశ్న వేయండి. తప్పినోడు తప్పుతడు. అప్పుడు చూద్దాం మా బతుకు పాఠం అల్కగ ఉన్నదో, గట్టిగ ఉన్నదో.

1882లో జోతిబా ఫూలే హంటర్ కమిషన్ ముందర చెప్పిన మాటలు ఈ దారిలోవే. ఊరి బడిలో వ్యవసాయం, ఆరోగ్యం పాఠాలుగ ఉండాలన్నడు. పంతుళ్లు బ్రాహ్మలే కాకుండా, అవసరమైతే నాగలి మేడి పట్టగలిగే కులాల నుంచి రావాలన్నడు. చదువు తగ్గించమని ఆయన అనలేదు, అందరికీ ఇయ్యమన్నడు, పై చదువులకు పోయే దారి తెరిచి ఉంచమన్నడు.

ఇట్లాంటి బడులు మన దేశంల అయ్యేవి కాదు అనేటోళ్లకు మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లా సంగతి చెప్పాలె. 1972లో 16 మాధ్యమిక బడులల్ల ఊరి పిల్లలకు ప్రయోగాలతో విజ్ఞానశాస్త్రం చెప్పుడు మొదలైంది. 1978 నాటికి జిల్లా అంతటికీ పాకింది. పిల్లలు గుంపులు గుంపులుగా కూసొని ఆకులు కోసి చూసిండ్రు, పురుగుల బతుకు రాసుకున్నరు, పొలంల మట్టి పరీక్షించిండ్రు. పుస్తకం పక్కన పెట్టుకొనే పరీక్ష రాసే వీలుండేది. ఎందుకంటే ప్రశ్న జవాబు పుస్తకంలో దొరకదు, పిల్ల ఆలోచించాల్సిందే. ఆ పని నడిపిన సంస్థ 1982 నుంచి ఏకలవ్య పేరుతోనే ఉన్నది. మన కథల ఏకలవ్యుని బొటనవేలు గురువు అడిగిండు. ఈ ఏకలవ్యకు 2002లో రాష్ట్ర ప్రభుత్వమే ఆ పని చేసింది, ముప్పై ఏండ్ల కార్యక్రమాన్ని ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది.

మన దగ్గర కూడ ప్రయత్నం కాలేదని కాదు. 1980లల్ల మొదలై 1996 దాకా బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో అపెప్ అని నడిచింది. పాత సార్లకు యాదికుంటది. దానికి ఆరు సూత్రాలు. చేసి నేర్చుకోవాలె, పరిసరాలను వాడుకోవాలె, పిల్లల పనిని గోడకు పెట్టాలె, అట్ల. చాలా బడులల్ల మిగిలింది ఏందంటే గోడకు గోడకు కట్టిన తాడు, దాని మీద వేలాడే కాగితం పూలు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి తాడు చూసి పోయిండు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, బడి బయటి బతుకుతో చదువును కలపాలె అనేదాన్ని మొట్టమొదటి సూత్రంగా పెట్టింది. దాన్ని పట్టుకొని 2011లో మన రాష్ట్రం కొత్త చట్రం రాసుకున్నది, కొత్త పుస్తకాలొచ్చినయి, ప్రాజెక్టు పనులొచ్చినయి. ఆ ప్రాజెక్టులు ఇప్పుడు యాడ తయారైతున్నయి? బడి ముందరి జిరాక్సు షాపుల. 'మీ ఊరి నీటి వనరులు' అని ప్రాజెక్టు ఇస్తే ఇంటర్నెట్‌లకెళ్లి నాగార్జునసాగర్ ఫోటో తీసి అతికిస్తరు. ఊరి బోరు కాడికి ఒక్క పిల్ల పోదు. సార్లను తిట్టి లాభం లేదు. ఒక్క సారు నాలుగు తరగతులు చెప్పుకుంట, ఎలక్షను డ్యూటీ, సర్వే డ్యూటీ చేసుకుంట ఏ వాగు కాడికి తోలుకపోతడు?

మన జిల్లాలనే వేరే తీరుగ నడిచిన బడి ఒకటున్నది. జహీరాబాద్ దిక్కు మాచ్‌నూర్‌ల దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1993లో పెట్టిన పచ్చసాలె. మెట్ట పంటలు, విత్తనాలు, మందు చెట్లు, చేతి పనులు అక్కడ అక్షరాలతో పాటు నేర్పిండ్రు. ఆ సంఘాల అక్కలు, ఎక్కువమంది మన వాడలోళ్లే, ఇంకో పని చేసిండ్రు. బడి మొఖం చూడని అక్కలు కెమెరా పట్టుడు నేర్చుకున్నరు. 2002లో బీటీ పత్తి మొదటిసారి అమ్మకానికి వచ్చినప్పుడు వరంగల్ చేన్లల్లకు పోయి, విత్తనం వేసిన కాడినుంచి ఏరిన దాకా పంటకాలం పొడుగూ రైతులను చిత్రం తీసిండ్రు. ఖర్చెంత, దిగుబడెంత, పురుగు ఎన్నిసార్లు పడ్డది, మందు ఎన్నిసార్లు కొట్టిండ్రు, అన్నీ రికార్డైనయి. విశ్వవిద్యాలయం పట్టా ఉన్నోడు చేసే పని అది. ఆ అక్కలకు ఎవ్వరూ అల్కటి చదువు ఇయ్యలేదు కాబట్టే చేసిండ్రు. ఎదురుంగ ఉన్న ప్రశ్న పెద్దది, దానికి తగ్గట్టు వాళ్లూ నేర్చిండ్రు.

మన పారిశ్రామిక వాడల పిల్లలకు అట్లాంటి పెద్ద ప్రశ్నలు కొదువనా? 2025 జూన్ 30న పాశమైలారంల సిగాచి ఇండస్ట్రీస్‌ల పేలుడైంది. 40 మందికి పైగా చనిపోయిండ్రు, ఇంకొందరి ఆనవాలు కూడ దొరకలేదు. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్టచేత పట్టుకొని వచ్చిన కూలీలు చాలామంది. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే తెల్లటి పొడి. చెక్క గుజ్జు నుంచి వస్తది, గోలీలల్ల కలుపుతరు. తినే గోలీల వేసే పొడితో ఏం ప్రమాదమని ఎవరికైన అనిపిస్తది. బడి ఇక్కడ పనికి రావాలె. ఒక సెంటీమీటరు భుజం ఉన్న చెక్క ఘనం తీసుకోండి. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే మిల్లీమీటరు ఘనాలుగ కోస్తే వెయ్యి ముక్కలైతయి, మొత్తం ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లు. చెక్క అంతే, గాలి తగిలే జాగ పదింతలు. ఇంక పిండి లెక్క నూరితే? మొద్దు పొద్దంతా కాలుతది, రంపపు పొట్టు మంట మీద చల్లితే భగ్గుమంటది. మూసిన గదిల గాలి నిండా ఆ పొడి లేచి, ఒక్క నిప్పురవ్వ తగిలితే బాంబే. ఇది తొమ్మిదో తరగతి గణితం, పదో తరగతి రసాయనం. ఈ పాఠం చదివిన పిల్ల రేపు ఫ్యాక్టరీల కూలికి పోయినా, దుమ్ము పేరుకుంటున్నది, ఊడవకుంట మిషను నడపొద్దు అని అడుగుతది. చదవని పిల్ల ఊడ్వమంటేనే ఊడుస్తది.

జీతం చీటీ మీద కూడ పాఠమున్నది. 12 వేల జీతమున్న కాంట్రాక్టు కార్మికునికి పీఎఫ్ 12 శాతం అంటే 1,440 రూపాయలు కోస్తరు. 2019 జులై నుంచి ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 90 రూపాయలు. కంపెనీ తన వాటా వేరే కట్టాలె. ఎంత? ఎక్కడ జమ అయితున్నది? కాంట్రాక్టరు కట్టిండా, మింగిండా? శాతాల పాఠం చెప్పేటప్పుడు ప్రతి పిల్ల ఇంట్ల ఉన్న చీటీ తెచ్చుకొమ్మంటే చాలు. చీటీనే లేని ఇండ్లు ఎన్నో కూడ ఆ రోజే తెలుస్తది. దశాంశాలు మన పిల్లలకు ఎక్కవంటరు గదా. తండ్రి జీతంలకెళ్లి కోసిన 0.75 ఎందుకెక్కదు?

ఒక చిక్కున్నది, దాన్ని దాచిపెట్టుడు మంచిది కాదు. ఇక్కడి చాలా సర్కారు బడులల్ల బెంచీల మీద కంపెనీ పేరుంటది. గోడకు రంగు కంపెనీది, తాగునీళ్ల మిషను కంపెనీది. ఆ బెంచీ మీద కూసోబెట్టి ఆ కంపెనీ పైపు లెక్క పిల్లలతో చేయించాలంటే హెడ్‌మాస్టరుకు గుండె కావాలె. అందుకే ఈ బరువు సార్ల మీదనే వదిలేయొద్దు. విద్యాహక్కు చట్టం 2009లనే బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని ఉన్నది. మన వాడల తల్లులు ఆ మీటింగులకు పోతే ఇప్పటిదాకా అడిగేది మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్డి. అవి అడగాల్సిందే. దాంతో పాటు ప్రయోగశాల బీరువా తాళం ఎవరి దగ్గరున్నది, ఈ ఏడు ఎన్నిసార్లు తీసిండ్రు అని కూడ అడగండి. రిజిస్టరుల రాయించండి.

మనోళ్లకు ఒక భయమున్నది, పిల్లలకు కష్టమైతది, బడి మానేస్తరు అని. పిల్లలు కష్టానికి బడి మానరు, విసుగొచ్చి మానుతరు. 2014లో మాలావత్ పూర్ణ అనే పదమూడేండ్ల గిరిజన బిడ్డ, సంక్షేమ గురుకులంల చదువుకుంట, ఎవరెస్టు ఎక్కింది. ఎక్కుమన్నోళ్లున్నరు, నేర్పినోళ్లున్నరు, ఎక్కింది. కందిల ఐఐటీ మన ఊర్ల నడుమనే ఉన్నది. 1972 నుంచి పటాన్‌చెరుల ఇక్రిశాట్ ఉన్నది, జొన్న మీద, సజ్జ మీద, కంది మీద ప్రపంచానికి పాఠం చెప్తది. ఆ గేట్లల్లకెళ్లి మన పిల్లలు ఎంతమంది తోట పనికి పోతున్నరు, ఎంతమంది ప్రయోగశాలకు పోతున్నరు? వాడలవారీగ లెక్క తీయండి. ఇది కూడ మన యువజన సంఘాలు పిల్లలతో కలిసి చేయదగిన సర్వేనే.

వాడల ట్యూషన్ నడిపే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక పని. ఈ పక్షంల మొదలుపెట్టండి, పైసా ఖర్చు లేదు. పసుపు నీళ్లల్ల తెల్ల కాగితం ముంచి నీడకు ఆరబెట్టి ముక్కలు కోయండి. సున్నపు నీళ్లు, సబ్బు నీళ్లు తగిలితే ఆ ముక్క ఎర్రగైతది. దిష్టి నీళ్లకు పసుపుల సున్నం కలిపే మన అవ్వలకు ఇది తెలిసిన ముచ్చటనే, దానికి క్షారమని పేరు పెట్టి ఎందుకెర్రగైతదో పిల్లలతో చెప్పించండి. మందారపు పూల రసంతో ముంచిన కాగితం ఆమ్లం తగిలితే గులాబీ రంగుకు, క్షారం తగిలితే పచ్చకు మారుతది. ఇంటి నల్లా, బోరు, కుంట, వాగు నీళ్లకు ఒక్కోటి పెట్టి తేదీ వేసి నోటుబుక్కుల రాయించండి. కంపెనీ కాలువ దగ్గరికి పిల్లలను తోలుకపోవద్దు, ఆ నీళ్లు పెద్దోళ్లే చేతులకు తొడుగులేసుకొని సీసల తేవాలె, పిల్లలు ముట్టొద్దు. రంగు మారకపోతే నీళ్లు మంచివని అనుకోవద్దని కూడ చెప్పండి. సిప్రోఫ్లాక్సాసిన్‌ను పసుపు కాగితం పట్టుకోలేదు. దానికి పెద్ద యంత్రం కావాలె, ఆ యంత్రం నడిపే చదువు కావాలె. పిల్లల్లో ఎవరన్న 'ఆ చదువు యాడ చెప్తరు సార్' అని అడిగితే ఆ పిల్ల పేరు మీ దగ్గర రాసి పెట్టుకోండి.

తొమ్మిది, పది చదివేటోళ్లతో తెలుగు క్లాసుకు బదులు ఒక దరఖాస్తు రాయించండి. సెలవు చీటీ రాసుడు వాళ్లకు వచ్చు. సమాచార హక్కు చట్టం 2005 కింద కాలుష్య నియంత్రణ మండలికి రాయాలె. మా ఊరి పక్క వాగు నీళ్లను ఈ మూడేండ్లల్ల ఎన్నిసార్లు పరీక్షించిండ్రు, ఏం తేలింది, నకళ్లు ఇయ్యండి అని. ఎవరికి రాస్తున్నం, ఏం అడుగుతున్నం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఒక్క మాట ఎక్కువ తక్కువ కాకుండ. కింద సంతకం పెద్దోళ్లది పెట్టించండి. ముప్పై రోజులల్ల జవాబు రావాలె. వచ్చినా, రాకపోయినా, ఆ కాగితం మన పత్రికకు ఒక నకలు పంపండి.